ఉప్పు ఊళ్ళో పచ్చిక

నివెస్ ఆ స్టేడియంలో పనికి కుదిరింది గడ్డి పెంచడానికి కాదు, ఆటగాళ్ళ బట్టలు ఉతకడానికి. అప్పుడామెకు ముప్పై నాలుగేళ్ళు. మరుసటి ఏడాదే మైదానం చూసుకునే ముసలాయనకు మోకాళ్ళు పట్టేశాయి. "ఇంకో మనిషి దొరికేదాకా కాస్త గడ్డి కోసిపెట్టు నివెస్" అన్నారు క్లబ్బువాళ్ళు. ఆమె సరేనంది. ఇరవై మూడేళ్ళయింది. ఆ ఇంకో మనిషి ఇంతవరకూ దొరకలేదు.

ఆమెకు ఎవరూ ఏదీ నేర్పలేదు. ఎరువు సంచుల మీద అచ్చేసిన అక్షరాలు చదివి ఎరువు గురించి తెలుసుకుంది. వేరు ఎంత లోతుకు పోయిందో తెలియాలంటే కత్తితో పెళ్ల కోసి చూసుకుంది. కోత మిషను మొరాయిస్తే విప్పింది. మళ్ళీ బిగించాక రెండు మరలు మిగిలిపోతే, అవి ఎక్కడివో తెలిసేదాకా మళ్ళీ విప్పింది. రోజూ పొద్దున్నే గోలు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పచ్చికలో వేళ్ళు దూర్చి, ఆ వేళ్ళు వాసన చూసేది. రోడ్డు మీద పోయేవాళ్ళు కంచెలోంచి చూసి "నివెస్ ప్రార్థన చేసుకుంటోంది" అని నవ్వుకునేవారు. ఆమె చూసేది బూజు వాసన. వాసన వస్తే ఆ రోజు నీళ్ళు పెట్టదు. రాకపోతే పెడుతుంది. అంతకుమించి అందులో భక్తి లేదు.

ఆ ఇరవై మూడో ఏట, బోర్గొసాలె అనే ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత మూడో మెట్టు నుంచి రెండో మెట్టయిన సెరీ బీలోకి ఎక్కింది. ఊరి జనాభా పదకొండు వేలు, స్టేడియంలో కుర్చీలు ఏడు వేలు. ఇంటికి ఒకరిద్దరిని వంటకీ, పసిపిల్లల్ని ఆడించడానికీ వదిలేస్తే, శనివారం మధ్యాహ్నం మిగతా ఊరంతా మైదానం దగ్గరే ఉండేది.

ఉప్పుమళ్ళ మీద పుట్టిన ఊరది. సముద్రపు నీళ్ళు మళ్ళకు పెట్టి, ఎండనిచ్చి, తేలిన ఉప్పును పారతో గట్టుకు లాగి తాతముత్తాతలు బతికారు. అందుకని అక్కడ ఏ మంచిపని మొదలెట్టినా ఉప్పుండాలి. కొత్త ఇంటి గడపలో ఉప్పు, కొత్త పడవ అడుగున ఉప్పు, ఉయ్యాల్లో పసిబిడ్డ తలగడ కింద ఉప్పు. మరి గోలు ఏం పాపం చేసింది? సొంతూళ్ళో మ్యాచ్ ఉన్నప్పుడల్లా, ఆట మొదలయ్యే ముందు, ఉప్పుమళ్ళలో నలభై ఒక్క ఏళ్ళు పనిచేసి మానేసిన లెయార్కో అనే పెద్దాయన మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి మన గోలులో మూడు చిటికెలు చల్లి వచ్చేవాడు. మూడు చిటికెల ఉప్పు గడ్డిని ఏమీ చెయ్యదు. నివెస్ కూడా ఏమీ అనేది కాదు.

కానీ సెరీ బీ వేరు. అక్కడ బలమైన జట్లున్నాయి. ఆగస్టులో మొదటి మ్యాచ్ గెలిచారు. రెండోది ఓడారు. గోలు వెనక మెట్ల మీంచి ఎవడో "ఉప్పు చాల్లేదు!" అని అరిచాడు. ఆ మాట ఊరంతా పట్టుకుంది. మూడు చిటికెలు ఆరయ్యాయి. ఆరు కాస్తా గుప్పెడయింది, గుప్పెడు కాస్తా దోసెడయింది. నవంబరు వచ్చేసరికి, సముద్రపు ఒడ్డున వేసే గొడుగుల ఫ్యాక్టరీ యజమానీ, క్లబ్బు ప్రెసిడెంటూ అయిన గాస్పెరోని గారు తెల్లటి ఇనప బకెట్టు ఒకటి కొని, దాని మీద జట్టు గుర్తు వేయించి, నలుగురి ముందూ లెయార్కో చేతికిచ్చారు. చప్పట్లు మోగాయి. నివెస్ ఒక్కతే కొట్టలేదు.

డిసెంబరులో గోలు ముందు గడ్డి కొసలు ఎర్రబడ్డాయి. తర్వాత పసుపయ్యాయి. జనవరిలో గోలుకు అయిదడుగుల ముందు రెండు చాపలంత మేర నేల బోడిగా తేలింది. ఎండిన రోజున పైన తెల్లగా పొర కట్టేది. శుద్ధమైన చౌడు. ఆ నెల మ్యాచ్‌లో అవతలివాడు ఊరికే తన్నిన బంతి ఆ బోడి చోట పడి, కప్పలా ఎగిరి, గోల్‌కీపర్ డెనిస్ భుజం మీంచి లోపలికి పోయింది. అలా ఓడారు.

"ఉప్పు చాల్లేదు!" అన్నారు జనం.

మర్నాడు నివెస్ ఆ చోటు నుంచి ఒక పెళ్ల తవ్వి కాగితంలో చుట్టుకుని, లెయార్కో పేకాడే బారుకు వెళ్ళింది.

"బాబాయ్, నీతో పనుంది."

"ఆట మధ్యలో ఉన్నానే."

"ఎలాగూ ఓడిపోయే ఆటేగా. కాస్త తొందరగా ఓడిపో."

బల్ల చుట్టూ ఉన్న ముగ్గురూ పకపకా నవ్వారు. లెయార్కో ముక్కలు బోర్లించి పెట్టాడు. ఆమె కాగితం విప్పి పెళ్లను ముక్కల పక్కన పెట్టింది.

"ఇదేంటి?"

"మన గోలు."

"చచ్చిపోయినట్టుందే."

"చంపావుగా. బకెట్లతో పోసి మరీ చంపావు."

"ఉప్పు దేన్నీ చంపదు పిల్లా. ఉప్పు నిలబెడుతుంది. చేపని నిలబెడుతుంది, పంది తొడని నిలబెడుతుంది..."

"చచ్చిన చేపని, చచ్చిన పందిని బాబాయ్. నా గడ్డి బతికుంది."

పక్కనున్నాయన నవ్వబోయి, లెయార్కో మొహం చూసి దగ్గాడు.

"ఉప్పు తిని పెరిగిన ఊరిది," అన్నాడు లెయార్కో, గొంతు పెంచి. "మీ నాన్న నా పక్క మడిలోనే పార పట్టాడు. ఇవాళ ఆయన ఉంటే, నీ మాటలు వింటే..."

"మా నాన్న మడి గట్టు మీద ఒక్క గడ్డిపోచ ఎప్పుడైనా చూశావా? చూశానను, ఇప్పుడే నోరు మూసుకుని పోతాను."

అతను చూడలేదు. ఎవరూ చూడలేదు. కానీ ఆ మాట నలుగురిలో అనే మాట కాదు. లెయార్కో చెవులు ఎర్రబడ్డాయి.

"ఉప్పు ఆపమని నువ్వే చెప్పుకో ఊరికి. ఏడు వేలమంది ఉన్నారు. శనివారం మైకిస్తారు, చెప్పు. నేను మాత్రం చెప్పను."

ఆమె పెళ్లను మళ్ళీ కాగితంలో చుట్టుకుని బయటికి వచ్చేసింది. ఏడు వేలమందికి చెప్పడం తనవల్ల కాదని ఆమెకు తెలుసు. గెలుస్తామా ఓడతామా అని కొట్టుకుంటున్న మనిషికి గడ్డి గురించి చెప్పినా వినపడదు.

ఫిబ్రవరిలో లీగు ఆఫీసు నుంచి మైదానాలు తనిఖీ చేసే మనిషొకాయన వచ్చాడు. గోలు ముందు నిలబడి బూటు మడమతో నేలను నొక్కాడు. మూడుచోట్ల నొక్కి, మూడుసార్లు తల అడ్డంగా ఆడించాడు.

"సముద్రం పక్కనే కదా, ఉప్పుగాలి దెబ్బేమో?" అన్నాడు.

"గాలి కాదు. మనుషులే," అంది నివెస్.

ఆయన నవ్వలేదు. సీజను ఆఖరి మ్యాచ్ మే నెలలో బోర్గొసాలెలోనే ఉంది. ఆ మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందు మళ్ళీ వస్తానన్నాడు. గోలు ముందు పచ్చగా, చదునుగా, గట్టిగా లేకపోతే ఆట ఇక్కడ జరగదు, వల్లెరోసలో ఆడుకోవాలి అన్నాడు.

వల్లెరోస లోపలి కొండల్లోని ఊరు. ఆ ఊరివాళ్ళు బోర్గొసాలెవాళ్ళను చూస్తే ఇప్పటికీ చేపల కంపు కొడుతోందని ముక్కు మూసుకుంటారు. ఇక్కడివాళ్ళు వాళ్ళను మేకలోళ్ళంటారు. జట్టేమో పట్టిక అడుగున కొట్టుకుంటోంది, సెరీ బీలో ఉంటుందో మళ్ళీ కిందికి జారుతుందో ఆ ఆఖరి మ్యాచ్ దాకా తేలేలా లేదు. ఆ ఒక్క మ్యాచ్ మేకలోళ్ళ మైదానంలో, మేకలోళ్ళు మెట్ల మీద కూర్చుని పల్లీలు తింటూ చూస్తుండగా ఆడటమా? నివెస్‌కు ఆ రాత్రి భోజనం సయించలేదు. ఇరవై మూడేళ్ళలో ఆమె మైదానం కాదనిపించుకోవడం అదే మొదలు. కాదన్నవాడి తప్పేమీ లేదు. తనైనా అదే అనేది.

ఆమె పని మొదలెట్టింది. బోడి చోట జానెడు లోతు తవ్వింది. చౌడు విరగాలంటే జిప్సం. పక్క కొండలోనే తవ్వుతారు గనక బస్తాలు తేలిగ్గా దొరికాయి. జిప్సం కలిపి, మంచినీళ్ళు పెట్టి, ఆ నీళ్ళు లోపలికి దిగేలా ముళ్ళపారతో చిల్లులు పొడిచి, మళ్ళీ నీళ్ళు పెట్టింది. పది రోజులు అదే పని. ఆ తర్వాత అభ్యాసం మైదానం వెనక, ఎవరూ తొక్కని మూల నుంచి గడ్డిపెళ్లలు కోసి తెచ్చి, పక్కపక్కన పేర్చి, సందుల్లో ఇసుక పోసి, బల్లచెక్కతో తట్టింది.

అంతా బాగానే ఉంది. కానీ శనివారం వస్తే బకెట్టు వస్తుంది.

లెయార్కో శుక్రవారం సాయంత్రం బకెట్టు నిండా ఉప్పు తెచ్చి నివెస్ సామాన్ల గదిలో పెట్టి, శనివారం వచ్చి తీసుకెళ్ళేవాడు. పోట్లాట తర్వాత కూడా ఆ అలవాటు మారలేదు. పలకరింపులే తగ్గాయి. ఆ శుక్రవారం అతను వెళ్ళగానే నివెస్ గది తలుపు గడియ పెట్టి, ఉప్పంతా ఒక ఖాళీ డ్రమ్ములో పోసింది. గడ్డి మీద చల్లడానికి దాచుకున్న తెల్ల ఇసుకను ఎండబెట్టి, మూడుసార్లు జల్లెడ పట్టి, గింజ పరిమాణం సరిగ్గా ఉప్పంత ఉందని వేళ్ళతో చూసుకుని, బకెట్టు నింపింది. మెరుపు కోసం పైన పలచగా ఒక పొర ఉప్పు వేసింది. దూరం నుంచి చూసింది. దగ్గర్నుంచి చూసింది. దేవుడొచ్చి చూసినా ఉప్పే అంటాడు.

శనివారం లెయార్కో బకెట్టు ఎత్తాడు. సగం దూరంలో ఆగి, చెయ్యి మార్చుకున్నాడు. వయసు మీద పడుతోంది పాపం అనుకుంది నివెస్. అతను గోలులో నిలబడి ఎప్పటిలాగే ధారాళంగా చల్లాడు. జనం లేచి అరిచారు. జట్టు గెలిచింది.

తర్వాత ఆ మైదానంలో ఆడిన మ్యాచ్ కూడా గెలిచింది. దాని తర్వాతది సమానమయింది. ఆ పైన వరసగా రెండు గెలుపులు. గోలు ముందు పెళ్లలు ఒకదానితో ఒకటి అతుక్కున్నాయి. ఇసుక పడేకొద్దీ నేల ఇంకా చదునయింది. ఊరంతా ఉప్పు మహిమే చెప్పుకున్నారు. రొట్టెల కొట్టువాడు పియదీనా అనే పల్చటి రొట్టెల పిండిలో ఉప్పు కాస్త ఎక్కువే వేస్తున్నాడని ఆడవాళ్ళు గొణుక్కున్నారు.

ఈ గొడవలో నివెస్ గుట్టు బయటపడబోయింది ఒకే ఒక్కసారి. డెనిస్ ఆట మొదలయ్యే ముందు గోలులో వంగి, ఓ చిటికెడు తీసి, నాలిక మీద వేసుకోబోయాడు.

"ఒరే డెనిస్! నోట్లో పెట్టకు!" మూలజెండా దగ్గర్నుంచి ఆమె కేక పెట్టింది.

"అదృష్టానికి అత్తా!"

"రాత్రే తెగులు మందు కొట్టాను రా! అదృష్టం సంగతేమో గానీ విరేచనాలు పట్టుకుంటాయి!"

డెనిస్ చెయ్యి దులుపుకుని, దులిపిన చేతిని చొక్కాకు, చొక్కాను తువ్వాలుకు తుడుచుకున్నాడు. ఆ రోజు రెండు పెనాల్టీలు ఆపాడు.

నవ్వుకోవాల్సిన విషయమే. కానీ ఆమె నవ్వుకోలేకపోయింది. మిషను మరల విషయంలోనూ ఎరువు విషయంలోనూ ఎవరినీ మోసం చెయ్యని మనిషి. తండ్రితో పనిచేసిన పెద్దాయన చేత పదిహేను రోజులకోసారి ఊరందరి ముందూ ఇసుక చల్లిస్తోంది. అతను తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వస్తున్నాడు. అది చూసినప్పుడల్లా ఆమెకు చేతికి ఏదో అంటుకున్నట్టుండేది.

మే నెల వచ్చింది. ఆఖరి మ్యాచ్‌లో కనీసం సమానమైతే చాలు, సెరీ బీలో ఉండిపోతారు. మంగళవారం లీగు మనిషి వచ్చాడు. మడమతో నొక్కాడు. బొటనవేలితో నొక్కాడు. తర్వాత పంట్లాము మోకాళ్ళు పైకి లాక్కుని కింద కూర్చుని, అరచేత్తో పచ్చికను ఒక్కసారి రాశాడు.

"ఏం చేశారు?" అని అడిగాడు.

"జిప్సం. మంచినీళ్ళు. ముళ్ళపార."

"అంతేనా?"

"అంతే," అంది నివెస్. చెప్పాల్సింది ఇంకొకటుందని ఆమెకు తెలుసు, కానీ అది ఈయనకు చెప్పాల్సింది కాదు. ఆయన సంతకం పెట్టి వెళ్ళాడు. మ్యాచ్ ఇక్కడే.

శుక్రవారం అయిదింటికి లెయార్కో బకెట్టుతో వచ్చాడు.

"బాబాయ్, కూర్చో."

"కూర్చుంటే లేవడం కష్టం. నిలబడే వింటాను, చెప్పు."

"ఫిబ్రవరి నుంచి నువ్వు చల్లుతున్నది ఉప్పు కాదు. ఇసుక. నేనే మార్చాను. నీ ఉప్పంతా ఆ డ్రమ్ములో ఉంది, ఒక్క గింజ పారెయ్యలేదు. రేపు ఆఖరాట. రేపు నిజం ఉప్పే చల్లు. ఆట అయ్యాక నేను కడుక్కుంటాను."

లెయార్కో డ్రమ్ము మూత తీసి లోపలికి చూసి, మూత పెట్టాడు.

"నలభై ఒక్క ఏళ్ళు ఉప్పు మోశానే. బకెట్టు ఉప్పు ఎంత తూగుతుందో నా భుజానికి తెలియదా? మొదటిరోజు ఎత్తగానే అనుకున్నా, ఇదేంటి, మన ఉప్పు ఇలా ఒళ్ళు చేసింది అని."

ఇసుక నింపిన రోజు నివెస్ అన్నీ చూసుకుంది. రంగు చూసింది, గింజ చూసింది, మెరుపు చూసింది. బరువు సంగతే ఆలోచించలేదు.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? నలుగురి ముందు బల్ల మీద మట్టిపెళ్ల పడేసి, చంపావన్నావు. ఇంటికెళ్ళి పడుకున్నా నిద్ర పట్టలేదు. నువ్వన్నది నిజమే, మళ్ళ గట్ల మీద ఎప్పుడూ గడ్డి లేదు. ఒప్పుకుందామంటే నోరు రాలేదు. ఆ శనివారం బకెట్టు బరువుగా తగిలింది. హమ్మయ్య, ఈ పిల్ల నా పని కూడా చేసిపెట్టింది అనుకున్నా."

"అయితే నువ్వు ఇన్నాళ్ళూ... అంత సీరియస్‌గా మొహం పెట్టి..."

"మొహం నాది. ఇసుక నీది. సరిపోయిందిగా?"

ఆమెకు నవ్వాగలేదు. గోడకు చేరబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని, డ్రమ్ము దగ్గరకు వెళ్ళి చేట తీసింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు లెయార్కో.

"ఉప్పు పోస్తున్నా, బకెట్టులో."

"నీకేమైనా పిచ్చా! ఇసుక మొదలెట్టాక ఇక్కడ ఒక్కసారైనా ఓడామా?"

"లేదు."

"మరి గెలుస్తున్నదాన్ని ఆఖరి రోజున మారుస్తానంటావేంటే! ఉప్పు గిప్పు ముట్టుకోకు. అసలది చూస్తేనే భయమేస్తోంది నాకు. ఇసుక తియ్యి. జల్లెడ పట్టావా?"

"మూడుసార్లు."

"నాలుగోసారి పట్టు."

ఇద్దరూ కూర్చుని పట్టారు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలైంది. నివెస్ ఎప్పటిలాగే మూలజెండా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆమె ఎప్పుడూ బంతిని చూడదు, బూట్ల కింద నేలను చూస్తుంది. మేకులు దిగిన చోట పచ్చిక చిరుగుతోందా, లేస్తోందా, లేచింది మళ్ళీ కూర్చుంటోందా? జనం అరిచినప్పుడు గోలు పడిందని తెలిసింది. అవతలివాళ్ళు వేశారు. కాసేపటికి ఏడు వేలమంది ఒక్కసారి లేచి అరిచారు. మనం వేశాం. ఒకటికి ఒకటి.

ఇంక రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా అవతలివాడు ఇరవై గజాల నుంచి నేల బారున తన్నాడు. డెనిస్ పక్కకు దూకాడు. ఆ బంతిని మాత్రం నివెస్ చూసింది, ఎందుకంటే అది సరిగ్గా జనవరిలో బోడిగా ఉన్న చోటికే వస్తోంది. పడింది. ఎగరలేదు, పక్కకు జారలేదు, ఎటు వెళ్ళాలో అటే వెళ్ళింది. డెనిస్ దాన్ని పొట్టకు అదుముకుని, ముద్దలా చుట్టుకుని పడుకున్నాడు.

"బాగుంది," అంది నివెస్, బంతితో కాదు.

విజిల్ మోగింది. గేట్లు తెరుచుకున్నాయి. మెట్ల మీది జనమంతా వరదలా మైదానంలోకి దిగారు. ఏడ్చేవాళ్ళు, పాడేవాళ్ళు, చెప్పులు పోగొట్టుకున్నవాళ్ళు. ఎవరో డెనిస్‌ను భుజాల మీదికెత్తారు, ఇంకెవరో అతని లాగు ఊడదీయబోయారు. నివెస్ కూడా ఎవరినో కౌగలించుకుంది, ఎవరో తెలియదు. తర్వాత గోలు వైపు తిరిగి చూసింది.

జనం గడ్డి పీకుతున్నారు.

గట్టెక్కిన మైదానంలోంచి గుర్తుగా ఓ పెళ్ల ఇంటికి పట్టుకెళ్ళాలని అందరికీ తెలుసు. ఏ పెళ్ల మంచిదో కూడా తెలుసు. గోలు ముందుది. ప్రెసిడెంటు గాస్పెరోని గారు తెల్ల పంట్లాముతో మోకాళ్ళ మీద కూర్చుని, కారు తాళంచెవితో ఆ పచ్చికను గీకుతున్నారు.

"ఏంటండీ ఇది, ప్రెసిడెంట్ గారూ!" ఆమె జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది. "వదలండి! అలా గీకితే చస్తుంది!"

ఆయన తలెత్తారు. కళ్ళ నిండా నీళ్ళు. చేతిలో వేరులేని నాలుగు పోచలు.

"మరి ఎలా తియ్యాలమ్మా?" అని అడిగారు, బళ్ళో పిల్లాడిలా.

నివెస్ ఆ పచ్చిక వైపు చూసింది. మూడు నెలలు మోకాళ్ళ మీద పెంచింది. ఆపాలంటే ఏడు వేలమందిని ఆపాలి. ఆపినా జూన్‌లో ఎలాగూ అంతా గీరేసి కొత్త విత్తనం వెయ్యాల్సిందే, అది ప్రతి ఏటా ఉండే పనే. చిరాకు వచ్చిందల్లా తీసుకెళ్తున్నందుకు కాదు, చేతకాకుండా తీస్తున్నందుకు.

ఆమె గదికి పరుగెత్తి, అంచులు కోసే అర్ధచంద్రపు పార పట్టుకొచ్చింది.

"ఎవరూ చేత్తో ముట్టుకోవద్దు! వరసలో నిలబడండి! మనిషికి ఒకటి!"

వింతేమిటంటే, నిలబడ్డారు. గోలు నుంచి మైదానం మధ్య దాకా వరస పెరిగింది. లెయార్కో చేతులు చాపి "తోసుకోకండ్రా, ఇదేమైనా చేపల సంతా!" అని అదుపు చేస్తున్నాడు. నివెస్ నాలుగు వైపులా పార దింపి, అరచేతంత ముక్క కోసి, నాలుగు వేళ్ళ మందాన అడుగునుంచి లేపి ఒక్కొక్కరికీ ఇచ్చింది. ఒకామె రొట్టె పళ్ళెం చాపింది. ఒకతను టోపీ పట్టాడు. ప్రెసిడెంటు గారు జేబురుమాలు పరిచారు.

"ఎండ తగలాలి. పొద్దున్నే నీళ్ళు, సాయంత్రం వద్దు. మరీ పొట్టిగా కత్తిరించకండి."

"మా చెల్లెలికి ఇంకోటి నివెస్!"

"చెల్లెల్నే రమ్మను. కాళ్ళు లేవా?"

పదో ముక్కో పదిహేనో ముక్కో లేపినప్పుడు ఆమె ఆగింది. దాన్ని తిరగేసి చూసింది. తెల్లటి వేర్లు, దట్టంగా, వేలెడు పొడవున మట్టిని అల్లుకుని అడుగుదాకా దిగాయి. జనవరిలో గోరంత కూడా లేవు. ఆమె పెళ్లను తలపైకి ఎత్తి పట్టుకుంది.

"ఏడు సెంటీమీటర్లు!" అని అరిచింది. "చూడండి! ఏడు!"

ముందున్నవాళ్ళు చూశారు. వెనకున్నవాళ్ళకు ఆ అంకె ఒక్కటే వినిపించింది. ఏం ఏడో, ఎందుకు ఏడో ఎవరూ అడగలేదు. "ఏడు! ఏడు!" అని వరసంతా అందుకుంది, వరస నుంచి మైదానమంతా అందుకుంది, చివరికి మెట్ల మీద మిగిలిన ముసలివాళ్ళు కూడా కుర్చీలు చరుస్తూ అందుకున్నారు. నివెస్ ఆ పెళ్లను ముందున్న మనిషి చేతుల్లో పెట్టి, చెమట తుడుచుకుని, తర్వాతి ముక్కకు పార దింపింది.